అరవై మడతల ప్రసంగం

సంచి అడుగున మంత్రిగారిని పెట్టాను. మెడ దగ్గర రెండు ముక్కలుగా కోసి ఉన్నారు కాబట్టి తల ఒక పాత గుడ్డలో, మొండెం ఇంకో గుడ్డలో చుట్టాను. వాటి మీద మా తమ్ముడి బట్టలు మూడు జతలు, తువ్వాలు, సబ్బు, దువ్వెన, బీపీ మాత్రలు. రెండు రోజుల పని అన్నాడు. రెండు రోజులన్నవాళ్లకు నేను మూడు జతలు సర్దుతాను. మా ఆయన నాలుగు రోజులన్నప్పుడు నాలుగే సర్దాను. అది ముప్పై ఒక్క ఏళ్ల కిందటి మాట. అప్పటినుంచి ఎవరికైనా ఒక జత ఎక్కువే పెడుతున్నాను.

పాఠకులు కంగారు పడనక్కర్లేదు. కోసింది మంత్రిగారిని కాదు, మంత్రిగారి నిలువెత్తు బొమ్మ అచ్చువేసిన ట్రాక్టరు ఆయిల్ ఫిల్టరును. జానెడు పొడవున్న రేకు డబ్బా అది. మంత్రిగారు వేరు, డబ్బా వేరు అని మేము అనుకున్నాం. చదువుకున్న వాళ్ల దగ్గరికి వెళ్లేదాకా మనకు ఇలాంటి అపోహలు ఉంటూనే ఉంటాయి.

మా తమ్ముడు ట్రాక్టరు మెకానిక్. మేస్త్రి అంటే చుట్టుపక్కల అందరికీ వాడే. పెద్దరోడ్డు మలుపులో రేకుల షెడ్డు, వెనకే మేముండే రెండు గదులు. స్పేరు పార్టులు పాత పేపర్లలో చుట్టి వచ్చేవి. ఆ పేపర్ల మడతలు అరచేత్తో సాపు చేస్తూ, నలభై ఏళ్లు దాటాక, అక్షరం పక్కన అక్షరం పెట్టుకుని నేను చదవడం నేర్చుకున్నాను. చించిన పేపర్లు కాబట్టి చాలా సంగతుల మొదళ్లే తెలుసు, చివర ఏమైందో తెలియదు. మంత్రిగారి సంగతి మాత్రం మొదటినుంచి చివరిదాకా కళ్లారా చూసే భాగ్యం కలిగింది. అందుకే పత్రికవారికి రాస్తున్నాను.

ఆయిల్ ఫిల్టరు అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక మాట. ఇంజిన్‌లో తిరిగే నూనెలోకి మట్టి, మసి, ఇనప రజను చేరతాయి. వాటిని ఆపడానికి ఇంజిన్ పక్కన ఒక డబ్బా వేలాడుతుంది. దాని లోపల మందపాటి కాగితం అరవై మడతలు పెట్టి గుండ్రంగా కూర్చి ఉంటుంది. నూనె దానిలోంచి వడకట్టుకుని పోతుంది. కొన్నాళ్లకు డబ్బా నిండిపోతే విప్పి కొత్తది బిగించాలి. అంతే. మా తమ్ముడు రబ్బరు రింగుకు వేలితో చుక్క నూనె రాసి చేత్తోనే బిగిస్తాడు, పానా తగలనివ్వడు. విప్పిన పాతదాన్ని మాత్రం పారెయ్యడు. మూతికి, అంటే మరలున్న వైపుకు, రెండు వేళ్ల కింద రంపంతో కోసి, లోపలి కాగితం నా చేతిలో పెడతాడు. నేను మడతలు సాపు చేసి ఎండలో పరుస్తాను. వాడు వంగి చూస్తాడు. ఇత్తడి పొడి మెరిస్తే బేరింగు అరుగుతోందని, తెల్లగా జిడ్డు కడితే నీళ్లు కలిశాయని చెబుతాడు. ట్రాక్టరు యజమాని చెప్పేది సగమే నమ్ముతాడు, కాగితం చెప్పేది మొత్తం నమ్ముతాడు.

ఫిబ్రవరిలో వ్యవసాయ శాఖ మంత్రిగారు రేడియోలో నలభై నిమిషాలు మాట్లాడారు. రైతు కన్నీరైనా తాగుతాడు గాని రైతు ట్రాక్టరు మాత్రం మురికి నూనె తాగడానికి వీల్లేదన్నారు. రాష్ట్రంలోని ప్రతి ట్రాక్టరుకూ ఉచితంగా కొత్త ఆయిల్ ఫిల్టరు ఇస్తామని, దీనికి 'నిర్మల ఇంజిన్ మహోద్యమం' అని పేరు పెట్టామని ప్రకటించారు. మంత్రిగారికి అంతవరకు ఫిల్టరు అంటే కాఫీది, సిగరెట్టుది మాత్రమే తెలుసని గిట్టనివాళ్లు ప్రచారం చేశారు. అది పచ్చి అబద్ధం. ఆయన కాఫీ తాగరు.

మార్చిలో ప్రారంభ సభ మా బడి మైదానంలోనే పెట్టారు. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న పార్టీ జెండా పెట్టుకు తిరిగే కార్యకర్త ఒకడున్నాడు. వాణ్ని అందరూ జెండా అనే పిలుస్తారు. వాడు వచ్చి, మొట్టమొదటి ఫిల్టరు మేస్త్రి చేత్తోనే బిగించాలని, టీవీలో వస్తుందని, గోళ్లలో నల్లరంగు లేకుండా రమ్మని చెప్పాడు. మా తమ్ముడు కిరసనాయిలుతో, సబ్బుతో గంటసేపు చేతులు కడిగాడు. నలుపు పోలేదు. చేతి తొడుగులు తొడిగారు.

వేదిక మీద పొడవాటి బల్లలు, వాటి మీద వెయ్యి ఫిల్టర్లు. ప్రతి డబ్బా మీదా చెయ్యి ఊపుతున్న మంత్రిగారు, బూట్లనుంచి జుట్టుదాకా. వెయ్యిమంది మంత్రులు ఒక్కసారి చెయ్యి ఊపుతుంటే ఎంత ధైర్యంగా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. అందరికీ పథకం కరపత్రాలు పంచారు. అందులో ఒకవైపు డబ్బా బొమ్మ, ఇంకోవైపు మంత్రిగారి ప్రసంగం పూర్తి పాఠం. నేను నాలుగు తెచ్చుకున్నాను, చదువుకోవడానికి.

మా తమ్ముడు ఫిల్టరు అందుకున్నాడు. రింగుకు నూనె రాశాడు. బల్ల మీద డబ్బా మూతి కిందికి ఉంటుంది, ఇంజిన్‌కు బిగించేటప్పుడు మూతి పైకి ఉండాలి. వాడు డబ్బాను తిప్పి బిగించి పక్కకు జరిగాడు. కెమెరాలు దగ్గరికి వచ్చాయి. ఇంజిన్ పక్కన మంత్రిగారు బూట్లు పైకి, తల కిందికి వేలాడుతూ అందరికీ చెయ్యి ఊపుతున్నారు.

వ్యవసాయ శాఖ జాయింట్ డైరెక్టరుగారు, అందరూ జేడీగారంటారు, మెడ పక్కకు వంచి చూశారు. ఆయన వంచారు గనక వరసగా అధికారులందరూ వంచారు. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ ఫక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ గురించి తర్వాత చెబుతాను.

మంత్రిగారు మా తమ్ముడివైపు తిరిగి మెల్లగా అడిగారు. "దీన్ని సరిగ్గా తిప్పి పెట్టడం కుదరదా?"

"కుదురుతుందండి. ఇంజిన్‌ని కూడా తిరగేస్తే సరిపోతుంది."

మంత్రిగారు జేడీగారికేసి చూశారు. "సాధ్యాసాధ్యాలు పరిశీలించండి."

జేడీగారు డైరీలో రాసుకున్నారు.

పరిశీలించారు కూడా. పదకొండుమంది నిపుణుల కమిటీ వేశారు. వాళ్లు మూడు రకాల ట్రాక్టర్లను క్రేనుతో తిరగేసి చూశారట. ఏప్రిల్ చివరికి నివేదిక ఇచ్చారు. రాష్ట్రంలోని ట్రాక్టర్లన్నీ తిరగేయడంకన్నా బొమ్మ తిరగేయడం తేలికని అందులో ఏకగ్రీవంగా తేల్చారు. ఒక్క సభ్యుడు మాత్రం ట్రాక్టర్లు తిరగేస్తే ఉపాధి పెరుగుతుందని అసమ్మతి నోటు రాశాడు. మంత్రిగారు నివేదికను ఆమోదించారు. బొమ్మ తల మూతివైపుకు మార్చి కొత్త డబ్బాలు తయారు చెయ్యమన్నారు. మరి ఇప్పుడు బల్ల మీద నిలబెడితే తలకిందులవుతారు కదా అని ఎవరో అడిగితే, జేడీగారు రంధ్రాలున్న చెక్క స్టాండ్లు చేయించారు. సమస్యను అన్ని వైపులనుంచీ చూడడమంటే అదీ.

మిగిలింది కరపత్రాలు. వాటిమీద పాత డబ్బా బొమ్మ ఉంది గనక ఇంక పంచడానికి వీల్లేదు. లారీలకు లారీలు గోదాముల్లో ఉండిపోయాయి. దాని మీద మంత్రిగారు ఇచ్చిన ఆదేశం పేపర్లో మొదటి పేజీలో వచ్చింది. ప్రజల ఆస్తి అయిన కాగితం ఒక్కటి కూడా వృథా కాకూడదు, ఏదో ఒక రూపంలో రైతుకే చేరాలి అన్నారు. ఆ పేపరు ముక్క కత్తిరించి దాచుకున్నాను. పొదుపు గురించి ఎవరు మాట్లాడినా నాకు ఇష్టం.

మే నెలలో రెండో విడత డబ్బాలు వచ్చాయి. ఈసారి పథకాన్ని పకడ్బందీగా నడిపారు. పాత ఫిల్టరు తెచ్చి ఇస్తేనే కొత్తది ఇస్తామన్నారు. ఇచ్చిన పాతవాటిని రోడ్డురోలరు కింద తొక్కించారు. దుకాణాల్లో అమ్మే ఫిల్టర్లు ఉచిత పథకానికి పోటీ అవుతాయని వాటికి సీలు వేశారు. మా షెడ్డులో అలమరకు జేడీగారి మనుషులు లక్క అంటించి పోయారు. అందులో మంచివి ఇరవై ఆరు ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి.

బడి మైదానంలో శిబిరం పెట్టి నలభై ఒక్క ట్రాక్టర్లకు మా తమ్ముడి చేతే కొత్త ఫిల్టర్లు బిగింపించారు. పని అయ్యాక వాడు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, డబ్బా చేతికి తేలిగ్గా తగులుతోందక్కా అన్నాడు. ఉచితం కదా, అంతే ఉంటుందిలే అన్నాను. వాడు నవ్వలేదు.

జూన్ మొదటివారంలో వానలు పడ్డాయి. దున్నకాలు మొదలైన నాలుగో రోజున మొదటి ట్రాక్టరు ఆగింది. ఎర్ర లైటు వెలిగి, గరగరమని చప్పుడు చేసి, ఇంజిన్ పట్టేసింది. అది కవలలమ్మది. ఆవిడే ఆ రోజు సభలో నవ్విన మనిషి. కవల పిల్లల తల్లి. భర్త లేడు. ఉన్నది ఆ ట్రాక్టరు ఒక్కటే. తన రెండెకరాలు దున్నుకుని, మిగతా రోజుల్లో పదిమంది పొలాలు దున్ని పిల్లల్ని చదివించుకుంటోంది. ట్రాక్టరును ఎద్దులతో లాగించుకుంటూ షెడ్డుకు తెచ్చింది. మా తమ్ముణ్ని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నీ చెయ్యి పడింది కదా, ఇంక భయం లేదనుకున్నానన్నా," అంది.

తిట్టినా బాగుండేది.

మా తమ్ముడు ఫిల్టరు విప్పాడు. ఎప్పటిలాగే మూతికి రెండు వేళ్ల కింద కోశాడు. లోపలిది తీసి నా చేతిలో పెట్టాడు. అది ఫిల్టరు కాగితం కాదు. నానిపోయి ముద్దలు ముద్దలుగా ఉంది. గుడ్డ మీద పరిచి, చిరగకుండా ఒక్కో మడతే విప్పాను. నల్లటి నూనె కింద అక్షరాలు కనబడ్డాయి. 'ప్రియమైన రైతు సోదర సోదరీమణులారా' అని ఉంది.

మిగిలిన యాభై మూడు మడతలూ చదివాను. ఒక నాయకుడి మాట ఇంజిన్ లోతుల్లోకి అలా చొచ్చుకుపోవడం నా జీవితంలో చూడలేదు. ప్రసంగం చాలా బాగుంది. 'ఈ వేదిక మీదనుంచి నేను హామీ ఇస్తున్నాను' అన్నంతవరకు స్పష్టంగా ఉంది. ఆ తర్వాత ఏడు మడతలు లేవు. వేడి నూనెకు కరిగి ఇంజిన్‌లోకి పోయి, నూనె నడిచే సన్నటి దారులన్నీ మూసేశాయి. మంత్రిగారు ఏం హామీ ఇచ్చారో కవలలమ్మ ట్రాక్టరు బేరింగులకే తెలియాలి.

వారం తిరక్కుండా ఇంకో తొమ్మిది ట్రాక్టర్లు పట్టేశాయి. మా తమ్ముడు తొమ్మిదీ కోశాడు. తొమ్మిదింటిలోనూ ప్రసంగమే. మిగిలిన ముప్పై ఒక్కటికి ఇంటింటికీ వెళ్లి, నడపొద్దని చెప్పి వచ్చాడు. కొందరు విన్నారు. వాన ఆగదు కదా, కొందరు వినలేదు.

జేడీగారి ఆఫీసుకు వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. గదిలో మూడు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కాగితాలు ఎగరకుండా ఫైళ్ల మీద ఫిల్టర్లు బరువు పెట్టారు. జేడీగారు సౌమ్యుడు. మొత్తం విన్నారు. ఫిల్టరు ఎత్తు, చుట్టుకొలత, రంగు, బొమ్మ స్పష్టత, నాలుగు పరీక్షలూ తన సంతకంతోనే జరిగాయని, నాలుగింటిలోనూ నూటికి నూరు వచ్చాయని చూపించారు.

"లోపల ఏముందో చూడలేదా సార్?" అన్నాడు మా తమ్ముడు.

"లోపల మా సెక్షన్ కాదు మేస్త్రీ."

ఎవరి సెక్షనో కనుక్కోవడానికి ఆయన రెండు ఫోన్లు చేశారు. ఎవరిదీ కాదని తేలింది. చివరికి, ఇంత ముఖ్యమైన సంగతి మంత్రిగారి దృష్టికే నేరుగా తీసుకెళ్లడం మంచిదని సలహా ఇచ్చారు. ఆయనకు రిటైర్మెంటు ఇంకా ఎనిమిది నెలలుంది. జెండా కూడా ఉత్సాహపడ్డాడు. రాజధానిలో మంత్రిగారి అపాయింట్‌మెంటు తనే ఇప్పిస్తానన్నాడు. మా దగ్గరనుంచి సమస్యలు రావడం లేదని పార్టీలో వాడికి చెడ్డపేరుందట.

ఇదీ సంచిలోకి మంత్రిగారు వచ్చిన కథ. కవలలమ్మ ట్రాక్టరుకు బిగించిన ఫిల్టరే అది. లోపలి ప్రసంగం ఎండబెట్టి, విడిగా కవర్లో పెట్టి ఇచ్చాను.

జూన్ పద్నాలుగు, మంగళవారం పొద్దున. మా తమ్ముడు సంచి ఎత్తి చూసి, మూడో జత తీసెయ్యక్కా, బరువు అన్నాడు. తియ్యలేదు. మా ఇంట్లో నడిచే మాట ఒకటుంది, వెళ్లేవాళ్లను ఎప్పుడొస్తావని అడగకూడదని. అది నేను పెట్టిందే. ఆ రోజు నేనే అడిగాను.

"ఎల్లుండి సాయంత్రం బస్సుకి," అన్నాడు. "కవలలమ్మ ఇంజిన్ విప్పి పెట్టాను. మీద గోనె కప్పి ఉంచు, వాన నీళ్లు పడకూడదు. వచ్చి నేనే కూర్చుంటాను దాని మీద. అప్పటికి ఆ డబ్బాలు ఆపించేస్తాను, అలమరకు సీలు తీయిస్తాను. అప్పటిదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకు."

గోనె ఒకటి సరిపోదని రెండు కప్పాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోను చేశాడు. మంత్రిగారి ఆఫీసులో చాలా మర్యాద చేశారట. మొదటి గదిలో మంచినీళ్లిచ్చారు. రెండో గదిలో టీ ఇచ్చారు. మూడో గదిలో సంచి విప్పమన్నారు. తల విప్పి బల్ల మీద పెట్టేసరికి గుమస్తా లేచి నిలబడ్డాడట. మొండెం కూడా విప్పాక తలుపులు మూశారు.

ఎవరు కోశారని అడిగితే నేనే అన్నాడు. ఏ ఆయుధంతో అంటే రంపంతో అన్నాడు. రాసుకున్నారు. ఒక పోలీసాయన వచ్చి స్కేలుతో కొలిచాడు. గాయం గడ్డానికి సరిగ్గా కిందనే ఉందని తేల్చాడు. మా తమ్ముడు మధ్యమధ్యలో కవరు ముందుకు తోస్తూ, లోపలిది చూడండి సార్ అంటూనే ఉన్నాడట. లోపలి సంగతికి తర్వాత వద్దాం, ముందు బయటి సంగతి తేలనీ అన్నారట. మెడ దగ్గరే ఎందుకు కోశావన్నారు. వీడు ఎప్పుడూ అక్కడే కోస్తాను సార్, మొదటి విడతదైతే బూట్లు తెగేవి అన్నాడు.

"అయితే బూట్లు తెగేవని తెలుసు, మెడ తెగుతుందనీ తెలుసు," అన్నాడట పోలీసాయన. "అన్నీ తెలిసే కోశావన్నమాట."

"ఏం చెయ్యనక్కా," అన్నాడు ఫోనులో మా తమ్ముడు. "ఫిల్టరు ఎక్కడ కొయ్యాలో తెలియనివాడు మెకానిక్ ఎట్లా అవుతాడు?"

మూడో రోజు, అంటే తిరిగి రావలసిన రోజు, మళ్లీ ఫోను వచ్చింది. గెస్టుహౌసులో గది ఇచ్చారట. మెత్తటి పరుపు, స్నానానికి వేడినీళ్లు. గుమ్మం బయట ఒక మనిషిని కూడా పెట్టారట, ఏమైనా కావాలంటే అడగడానికి. గొంతు మెల్లగా ఉంది.

"బల్ల మీద రెండు కాగితాలు పెట్టారక్కా. ఒకటి కేసు. ఒకటి ఉద్యోగం. రెండింటిలోనూ నా పేరు తప్పుల్లేకుండా రాశారు."

"నువ్వేమన్నావు?"

"లోపల చూడమన్నాను."

"చూశారా?"

వాన పడుతోందా అని అడిగాడు. పడుతోందన్నాను. గోనె కప్పావా అన్నాడు. రెండు కప్పానన్నాను. సరే అన్నాడు.

ఆ సాయంత్రం బస్సు దగ్గరికి వెళ్లాను. ఆ మర్నాడు కూడా. ఐదో రోజున నేనే ఆ నంబరుకు ఫోను చేశాను. ఎవరో కుర్రగొంతు ఎత్తింది.

"సార్ మీటింగులో ఉన్నారమ్మా."

"ఏ సారు బాబూ?"

"మేస్త్రి సారు."

పాఠకులకు ఇక్కడ మంత్రిగారి పెద్దమనసు కనబడాలి. తన మెడ కోసిన మనిషిని ఆయన క్షమించారు. క్షమించి ఊరుకోలేదు, నిర్మల ఇంజిన్ మహోద్యమానికి రాష్ట్ర సాంకేతిక సలహాదారును చేశారు. మా షెడ్డుకు పేపరు మొదట తెచ్చింది జెండానే. మంత్రిగారి పక్కన మా తమ్ముడు, ఇద్దరి మధ్యా స్టాండులో ఫిల్టరు. బొమ్మ మరీ చిన్నది, మొహాలు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. ఎవరు ఎటు చూస్తున్నారో తెలియలేదు.

"చూశావా పెద్దమ్మా," అన్నాడు జెండా. "మన మేస్త్రి ఎక్కడికెళ్లాడో. నేనే కదా పంపింది."

అవును నాయనా, నువ్వే పంపావు అన్నాను.

కేసు కూడా ఎత్తెయ్యలేదట. భద్రంగా బీరువాలో పెట్టారట. ఆ మాట జెండా చెప్పాడు, గొప్పగానే చెప్పాడు. పై స్థాయిలో అందరివీ అలాగే ఒక్కొక్కటి బీరువాలో ఉంటాయట.

కవలలమ్మ రోజూ వచ్చేది. ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి, గోనె ఎత్తి చూసి, మళ్లీ కప్పేది. వేరే మెకానిక్‌ను పిలుద్దామా అంటే, అన్న విప్పిన ఇంజిన్ ఇంకొకరు ముట్టుకుంటే ఎలా అక్కా అనేది. అన్న ఎప్పుడొస్తాడని మాత్రం అడగలేదు. జులై దాటింది. వానలు పడినన్నాళ్లూ పడి ఆగాయి. ఆవిడ పొలంలో నడుముదాకా గడ్డి లేచింది. ట్రాక్టర్లు పట్టేసిన ఊళ్లల్లో పంట తగ్గడానికి కారణమేమిటని చట్టసభలో ఎవరో అడిగితే, రైతుల్లో ఇంజిన్ పట్ల అవగాహన లోపమని మంత్రిగారు చెప్పారు. సభ్యులు బల్లలు చరిచారని పేపర్లో ఉంది.

ఆగస్టు చివర కవలలమ్మ పట్నంలో బట్టల మిల్లులో పనికి వెళ్లింది. పిల్లలకు చెరొక సంచి, తనకొకటి. మూడూ నేనే సర్దాను. ఎన్ని రోజులకని అడగలేదు, అందుకని ఎన్ని జతలు పెట్టాలో తెలియలేదు. ఉన్నవన్నీ పెట్టాను. బస్సు ఎక్కుతూ ట్రాక్టరు తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"అన్న వస్తే ఇవ్వక్కా."

అక్టోబరులో మూడో విడత ఫిల్టర్లు వచ్చాయి. ఈసారి డబ్బా మీద మంత్రిగారి బూట్ల దగ్గర ఎర్రటి ముద్ర ఒకటి అదనంగా ఉంది. 'నిపుణుడు పరీక్షించినది' అని. జెండా ఒక డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మేస్త్రిగారి కుటుంబానికి పార్టీ తరఫున మొదటి ఫిల్టరు అన్నాడు. పేపరువాళ్లను కూడా తెచ్చాడు. నా చేతికిచ్చి ఫోటో తీయించాడు. చాలా సంతోషంగా ఉందని నా తరఫున వాడే చెప్పాడు. నాకు చెప్పడానికి మాటలు రాకపోవడం ఆనందం వల్లనని కూడా చెప్పాడు.

డబ్బా చేతికి తేలిగ్గా తగిలింది.

వాళ్లు వెళ్లాక షెడ్డులోకి తీసుకెళ్లాను. నాలుగు నెలలుగా ఎవరూ ముట్టుకోని రంపం మేకుకు వేలాడుతోంది. నేను ఎప్పుడూ కొయ్యలేదు, వాడు కోస్తుంటే పక్కన నిలబడడమే. డబ్బాను బల్లకున్న ఇనప పట్టులో బిగించి మూతికి రెండు వేళ్ల కింద గుర్తు పెట్టాను. మంత్రిగారు చెయ్యి ఊపుతూనే ఉన్నారు. రంపం రెండుసార్లు జారింది. మూడోసారి గడ్డం కింద పట్టింది.

ఇంకా నూనెలో పడని కొత్త డబ్బా కనక లోపలి కాగితం పొడిగా, పెళపెళలాడుతూ వచ్చింది. బల్ల మీద పరిచి అరచేత్తో సాపు చేశాను. ఇది పాత ప్రసంగం కాదు. కొత్త కరపత్రం. మంచి అచ్చు, నాలాంటివాళ్లకు కూడా కళ్లజోడు అక్కర్లేదు.

'నేను ముప్పై ఏళ్లుగా ట్రాక్టర్లు బాగుచేస్తున్నాను. ఈ ఫిల్టరును బయటా లోపలా నా చేతులతో స్వయంగా కోసి పరీక్షించాను. లోపల ఉండవలసినది ఉన్నది. రైతు సోదరులు నిశ్చింతగా బిగించుకోవచ్చును.'

కింద సంతకం. వాడిదే. చివరి అక్షరం తోక ఎప్పుడూ ఎక్కువ లాగుతాడు.

సంతకం పక్కన ఫోటో ఉంది. మొహం నాలుగు మడతల్లోకి పోయింది. ఒక్కొక్క మడతే విప్పి వేలితో నొక్కిపెట్టాను. గడ్డం నున్నగా ఉంది. తల దువ్వి ఉంది. చేతులకు తెల్ల తొడుగులు ఉన్నాయి. వేసుకున్నది నీలం గళ్ల చొక్కా. నేను సర్దిన మూడో జతలోది.

ట్రాక్టరు మీది గోనెలు వానకు నాని చిరిగాయి. నిన్న కొత్తవి కప్పాను. తాళంచెవి సీలు వేసిన అలమర పక్కన మేకుకు ఉంది.

కవలలమ్మ, పిల్లలు ఆగస్టు ఇరవై తొమ్మిదిన మధ్యాహ్నం బస్సుకు వెళ్లారు. తిరిగి రాలేదు. మా తమ్ముడు జూన్ పద్నాలుగు, మంగళవారం, ఉదయం ఆరున్నర బస్సుకు వెళ్లాడు. తిరిగి రాలేదు.